హెల్మీ తిరగేసిన మూత

"ఇంకొక్క దెబ్బ తగిలితే వాడికి కూతురి పేరు కూడా గుర్తుండదేమో. చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు. అంతేనా?"

జూలై మొదట్లో ఒక ఉదయం, హైవే మలుపులో ఉన్న డోనట్ కొట్టు బయట, నా బిడ్డ తోపుడుబండి పక్కన నిలబడి హెల్మీ లెహ్టో నన్నీ మాట అడిగింది. కొట్టు లోపల ఆవిడ స్నేహితులు అద్దంలోంచి కనిపిస్తున్నారు. వాళ్ళకు వినపడకూడదని గొంతు బాగా తగ్గించింది. వాడు అంటే ఆవిడ అల్లుడు ల్యూక్ థెరియో. మా ఊరి ఐస్ హాకీ జట్టు నార్త్‌షోర్ పైక్స్‌లో డిఫెన్స్ ఆటగాడు. దూసుకొచ్చేవాళ్ళకు ఒళ్ళు అడ్డం పెట్టి ఆపడం అతని పని. ఆ పనిలో అతని తలకు ఇప్పటికే గట్టి దెబ్బలు తగిలాయి. చివరిది ఫిబ్రవరిలో. ఆ దెబ్బకు మంచు మీద పడి, లేచి, అవతలి జట్టు బెంచీ వైపు నడిచాడు. జనం నవ్వారు. హెల్మీ నవ్వలేదు.

నేను ఊరి మంచినీళ్ళ ల్యాబులో పరీక్షలు చేసేవాణ్ణి. మెదడు సంగతి నాకు పెద్దగా తెలియదు. కాని తండ్రినైన దగ్గర్నుంచి మనిషి తలకు తగలగల దెబ్బలన్నిటి గురించీ చదువుతూనే ఉన్నాను. "ప్రతి దెబ్బకూ ప్రమాదం పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో మాత్రం ఎవరూ కచ్చితంగా చెప్పలేరు" అన్నాను. ఆవిడ మొదటి సగమే విన్నదనుకుంటాను. తల ఊపి, నా బిడ్డ టోపీ సరిచేసి, లోపలికి వెళ్ళిపోయింది.

హెల్మీ ఇక్కడే, సుపీరియర్ సరస్సు ఒడ్డున పుట్టింది. తండ్రి ఫిన్లాండ్ నుంచి వచ్చి అడవిలో చెట్లు కొట్టినవాడు. భర్త రైనో కాగితం మిల్లులో పనిచేసి, రిటైరైన మొదటి చలికాలంలోనే గుండె ఆగి పోయాడు. ఆవిడ స్కూలు బస్సు నడిపింది. ఊళ్ళో నా వయసువాళ్ళు చాలామంది ఆ బస్సెక్కినవాళ్ళే, నాతో సహా. సరస్సు మీంచి గాలి కొట్టే రోజున టోపీ లేకుండా ఎవడైనా ఎక్కితే, తన టోపీ తీసి వాడికి పెట్టి, సాయంత్రం వాడి తల్లిని గుమ్మంలోకి పిలిచి, "మీవాడికి టోపీ లేదా, మీకు కళ్ళు లేవా?" అని అడిగేది. ఆవిడ నోటికి జడిసేవాళ్ళు కూడా పిల్లల్ని ఆవిడ బస్సులోనే పంపేవాళ్ళు.

బస్సు మానేశాక ఆవిడకు మిగిలినవి రెండు. శనివారం సాయంత్రం కూతురు మార్యా ఇంటి పెరట్లో ఆవిరి స్నానం. రోజూ ఉదయం డోనట్ కొట్టులో మూలబల్ల.

మూలబల్ల గురించి కొంచెం చెప్పాలి. మా జట్టు పెద్ద లీగులోది కాదు, దానికి రెండు మెట్లు కింద. జీతాలిచ్చే ఆటే, కాని ఎవరూ ఇక్కడ ఉండిపోదామని రారు. కుర్రాళ్ళు పైకి పోయే దారిలో ఆగుతారు, వయసు మళ్ళినవాళ్ళు కిందికి దిగే దారిలో ఆగుతారు. అందుకని ప్రతి వేసవిలోనూ జట్టు సగం మారిపోతుంది. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి అన్నది మేనేజర్ తేలుస్తాడు. అంతకు ముందే మూలబల్ల తేలుస్తుంది.

పద్ధతి ఇది. సీజన్ ముగిసిన దగ్గర్నుంచి కొత్త సీజన్ శిక్షణ శిబిరం మొదలయ్యేదాకా ఉదయానికొక ఆటగాడి పేరు తీస్తారు. అరుచుకోవడమంతా అయ్యాక ఎవరి కాఫీ కప్పు మూత వాళ్ళు ఊడదీసి బల్ల మీద పెడతారు. మామూలుగా పెడితే ఉండనీ. తిరగేసి పెడితే పోనీ. ఒకసారి పెట్టిన మూతను మళ్ళీ ముట్టుకోకూడదు, అది హెల్మీ పెట్టిన రూలు. ఇంకో కట్టుబాటు ఏమిటంటే బల్ల దగ్గర ఆట మాటలే మాట్లాడాలి. ఆటగాడి పెళ్ళాం, బిడ్డలు, కష్టాలు, జబ్బులు ఏవీ అక్కడికి తేకూడదు. ఒక ఏడు ఒకాయన, గోలీ, అంటే గోల్ కాపలా కాసే ఆటగాడి, భార్య నీళ్ళాడే నెలల్లో ఉందని, అతన్ని ఉంచాల్సిందేనని కన్నీళ్ళు పెట్టుకున్నాడట. దాంతో తగువై బల్ల నెలరోజులు ఖాళీగా ఉండిపోయింది. ఆ తర్వాత ఈ కట్టుబాటు తెచ్చింది కూడా హెల్మీయే.

తనే తెచ్చింది గనక తనే ముందు పాటించింది. ఆవిడ చెల్లెలి కొడుకొకడు గోలీగా జట్టులో చేరదామని వచ్చిన వేసవిలో, వాడి పేరు తీసినప్పుడు మొట్టమొదట తిరగేసిన మూత ఆవిడదే. వాడిప్పుడు పోస్ట్‌మ్యాన్. ఇంటికి ఉత్తరాలు తెచ్చినప్పుడల్లా "పెద్దమ్మా, ఇవి మాత్రం చేయి జారనివ్వలేదు" అంటాడు.

నేను పితృత్వ సెలవులో ఉన్న ఆ వేసవిలో రోజూ బిడ్డను బండిలో వేసుకుని అక్కడికి పోయేవాణ్ణి. బల్ల దగ్గర రోజూ ఉండేవాళ్ళు వెర్న్ ఒల్చవి, గస్ ఫుర్లానో, హెల్మీ. వెర్న్ మిల్లులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. గొంతు ఇప్పటికీ క్రేన్ మీదినుంచి అరిచినట్టే ఉంటుంది. గస్‌ది మంగలి కొట్టు. పది గంటలకు గాని తెరవడు.

"స్వీడన్ నుంచి ఎవణ్ణో కుర్రాణ్ణి తెస్తున్నారట డిఫెన్స్‌కు" అన్నాడు గస్ ఒకరోజు. "ఫొటో చూశాను. గడ్డమే రాలేదింకా."

"నీ కొట్టుకు బేరం రాదని చెప్పు. మంచు మీద గడ్డమేం చేస్తుంది?" అన్నాడు వెర్న్.

"ఆ గడ్డం లేని ముఖాన్ని మన రింకులో గోడకేసి నొక్కితే వాళ్ళమ్మకు ఫోన్ చేస్తాడురా."

"నువ్వు ఇరవై ఏళ్ళుగా ప్రతి కుర్రాణ్ణీ ఇదే అంటున్నావు. పోయినేడు ఆ పొట్టివాణ్ణి పంపెయ్యమన్నావు. పై జట్టువాళ్ళు ఎగరేసుకుపోయారు."

"అదృష్టం!"

"స్కేటింగ్! ఏం ప్రొఫెసర్, చెప్పవేం?" నన్నతను ప్రొఫెసర్ అనేవాడు. "నీ దగ్గర లెక్కలుంటాయిగా."

నేను ఫోన్‌లో లెక్కలు తీసేలోపల బిడ్డ నా భుజం మీద పాలు కక్కింది. "చూశావా, స్వీడన్‌వాడి మీద పిల్లదాని అభిప్రాయం" అన్నాడు గస్. హెల్మీ కూడా నవ్వింది. ఆవిడ అలా నవ్వడం ఆ వేసవిలో నేను చూసింది అదే ఆఖరు.

ల్యూక్ కాంట్రాక్టు జూన్‌తో అయిపోయింది. జట్టు ఆఫీసు నుంచి పిలుపు రాలేదు, వద్దన్న మాటా రాలేదు. మూలబల్లలో అందరి పేర్లూ అవుతున్నాయిగాని అతని పేరు ఎవరూ తీయడంలేదు. హెల్మీ ముఖం చూసి వాయిదా వేస్తున్నారు. చివరికి ఆవిడే విసుక్కుంది.

"ఏమిట్రా మీ మొహమాటం? ఇవాళ ల్యూక్ పేరు తియ్యండి."

వెర్న్ గొంతు సవరించుకున్నాడు. "ఉంచాలి. ఇంకేముంది మాట్లాడ్డానికి? ఎడమ పక్క వాడు నిలబడితే గోలీ కూర్చుని కాఫీ తాగొచ్చు."

"డ్రెస్సింగ్ రూములో కుర్రాళ్ళు వాడి మాట వింటారు" అన్నాడు గస్. "స్వీడన్‌వాడికి పని నేర్పేవాడు కావాలి కదా."

ఇద్దరూ మూతలు మామూలుగా పెట్టారు. నేను బిడ్డకు పాలు పడుతున్నాను, పేర్లు తీసేటప్పుడు నాకు ఓటు కూడా లేదు. హెల్మీ తన మూతను చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. తర్వాత తిరగేసి పెట్టింది.

కొట్టులో కాఫీ పోసే అమ్మాయి కూడా ఆగి చూసింది.

"ఎందుకు?" అన్నాడు వెర్న్. ఆ మనిషి అంత మెల్లగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"నెమ్మదించాడు" అంది హెల్మీ. "ఎడమకు తిరగడానికి సగం రోజు పడుతోంది. కుర్రాళ్ళు పక్కనుంచి జారిపోతున్నారు. వాడి పనైపోయింది."

నాకు కారణం తెలుసు. ఆవిడకు తెలుసని నాకు తెలుసు. కాని బల్ల దగ్గర ఆట మాటలే మాట్లాడాలి. తల దెబ్బ, జబ్బు కింద లెక్క. అందుకని ఆవిడ భయాన్ని ఆట భాషలోకి మార్చి చెప్పింది. అలా చెప్పాక అది భయంలా లేదు, తీర్పులా ఉంది.

మా ఊళ్ళో ఇలాంటి కబురు మధ్యాహ్నందాకా ఆగదు. ల్యూక్ పెట్రోలు పోయించుకుంటుంటే అక్కడివాడు నవ్వుతూ అన్నాడట, "ఏమయ్యా, మీ అత్తే నిన్ను జట్టులోంచి తీసేసిందట కదా? ముసలివాడివైపోయావట!"

ఆ శనివారం హెల్మీ ఎప్పటిలా ఏలకుల రొట్టె కాల్చి కూతురింటికి వెళ్ళింది. ఆవిరిగది పొయ్యి చల్లగా ఉంది. ల్యూక్ ఇంట్లో లేడు. మార్యా గుమ్మంలోనే నిలబడి చెప్పింది. స్లొవేకియాలో ఒక జట్టువాళ్ళు చాలా రోజులుగా అడుగుతున్నారు, ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదు, ఇప్పుడు వెళ్తానంటున్నాడు. నెలాఖరుకు సంతకం. మార్యా, వాళ్ళ నాలుగేళ్ళ కూతురు సిల్వీ కూడా వెళ్తారు.

"నెమ్మదించాడో లేదో చూపిస్తాడట" అంది మార్యా. "అమ్మా, నీకా బల్ల అంత ముఖ్యమా?"

ఆపాలనుకుని చెప్పిన మాటే అతన్ని ఇంకో సీజన్ ఆడించబోతోంది. అదీ సముద్రం అవతల, పడితే లేపేవాళ్ళు లేనిచోట.

ఆదివారం పొద్దున హెల్మీ మా ఇంటికొచ్చింది. "నువ్వు చదివిన కాగితాలున్నాయి కదా, అవన్నీ పట్టుకురా. నా మాట నమ్మడు. చదువుకున్నవాడి మాట నమ్ముతాడేమో" అంది. నా భార్య డ్యూటీలో ఉంది. బిడ్డను కూడా తీసుకుని బయల్దేరాను.

ల్యూక్ పెరట్లో బర్చ్ కట్టెలు చీలుస్తున్నాడు. మార్యా తీగ మీద బట్టలు ఆరేస్తోంది. సిల్వీ పొరుగింట్లో ఆడుకుంటోంది.

"రా ప్రొఫెసర్. నువ్వు కూడా మూత తెచ్చావా?" అన్నాడు ల్యూక్, గొడ్డలి దించకుండా.

"ల్యూక్, కొన్ని పరిశోధనలు..." అని మొదలుపెట్టాను.

"నీళ్ళ సంగతి చూసుకో నాయనా. మొన్న కుళాయిలో తుప్పు వచ్చింది."

నేను కాగితాలు మడిచాను. హెల్మీ కట్టెల కుప్ప దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నువ్వు నెమ్మదించలేదు" అంది.

"ఏంటీ?"

"నువ్వు నెమ్మదించలేదు. అబద్ధం చెప్పాను."

ల్యూక్ నవ్వాడు, నవ్వులా లేదు. సిల్వీ పిలిచినట్టే అతనూ ఆవిణ్ణి ముమ్మో అంటాడు, ఫిన్లాండ్ భాషలో అమ్మమ్మ అని. "బావుంది ముమ్మో. ఇన్నేళ్ళు అందరికీ నిజాలే చెప్పి, నా వంతుకొచ్చేసరికి అబద్ధం దొరికిందా?"

"నాకు భయంగా ఉంది ల్యూక్."

అతను గొడ్డలి ఎత్తి, మళ్ళీ దించాడు.

"ఏప్రిల్లో సిల్వీని బడి నుంచి తేవడానికి వెళ్ళావు. ఉత్త చేతులతో వచ్చి ఈ మెట్ల మీద కూర్చున్నావు. పిల్లేదిరా అంటే, ఏ పిల్ల అన్నావు."

తీగ దగ్గర చప్పుడు ఆగిపోయింది. మార్యా చేతిలో తడి దుప్పటి అలాగే ఉంది.

"ఎప్పుడు?" అంది.

"నేనెళ్ళి తెచ్చాను. నీకు చెప్పొద్దని బతిమాలాడు. చెప్పలేదు" అంది హెల్మీ.

"ఇద్దరూ కలిసి దాచారా నా దగ్గర?" మార్యా దుప్పటి బుట్టలో పడేసింది. "నా పిల్ల బడి గేటు దగ్గర నిలబడిందా? ఎంతసేపు?"

ల్యూక్ గొడ్డలి కట్టెల మీద పెట్టాడు.

"ఒక్కసారే జరిగింది మార్యా" అన్నాడు ల్యూక్.

"ఒక్కసారేనా?"

అతను కట్టె వైపు చూశాడు. కళ్ళెత్తకుండానే అన్నాడు, "వేరే పని ఏదీ రాదు నాకు. పదహారేళ్ళప్పుడు అమ్మను వదిలి వచ్చింది దీనికోసమే. ఇది కూడా లేకపోతే పొద్దున లేచి ఎక్కడికి పోవాలి?"

హెల్మీ కట్టెల మీద కూర్చుంది. "తెలీదు నాయనా. నాకు తెలిసింది ఒక్కటే. నువ్వు సిల్వీని మర్చిపోయిన రోజు నుంచి నేను సరిగ్గా నిద్రపోలేదు. అది నీకు చెప్పాల్సింది పోయి, నువ్వు ఎడమకు తిరగలేవని ఊరికి చెప్పాను."

నా బిడ్డ ఏడుపు అందుకుంటే నేను కారు దగ్గరికి వచ్చేశాను. తర్వాత వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కాసేపటికి హెల్మీ వచ్చి కారెక్కింది.

అన్నీ సర్దుకున్నాయని చెప్పలేను. మార్యా పట్టుబట్టి ల్యూక్‌ను విన్నిపెగ్ నగరంలో ఒక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ ఏం చెప్పిందో ఇంట్లోవాళ్ళకే తెలుసు. నెలాఖరుకు స్లొవేకియావాళ్ళకు ల్యూక్ రానని చెప్పేశాడు. పైక్స్ ఆఫీసువాళ్ళు ఫోన్ చేసినప్పుడు కూడా అదే మాట చెప్పాడు. గడ్డం రాని స్వీడన్ కుర్రాడు ఇప్పుడు ఎడమ పక్క నిలబడుతున్నాడు. బాగా ఆడుతున్నాడు కూడా. ల్యూక్ రైల్వే యార్డులో పని నేర్చుకుంటున్నాడు. ఆట ఉన్న రోజున ఊళ్ళో ఉండడు, చేపలకు పోతాడు. కొన్ని ఉదయాలు కర్టెన్లు మూసుకుని పడుకుంటాడు, వెలుతురు పడదు. మార్యా తల్లితో మాట్లాడ్డానికి ఆకులు రాలే కాలందాకా పట్టింది. ఏప్రిల్ సంగతి ఆమె ఇంకా క్షమించలేదనుకుంటాను. క్షమించాలని హెల్మీ అడగలేదు కూడా.

ఆగస్టులో హెల్మీ మూలబల్లకు వెళ్ళి అంది, "ల్యూక్ మీద నేను చెప్పిన కారణం నిజం కాదు. అసలు కారణం మీకు చెప్పను."

"అయితే నీ మూత మామూలుగా పెట్టు" అన్నాడు వెర్న్.

"పెట్టిన మూత ముట్టుకోకూడదు."

"ఆ రూలు పెట్టిన ముసలిదాన్ని పట్టుకుని తన్నాలి" అన్నాడు గస్. ఆవిడ ముఖం చూసి, లేచి వెళ్ళి ఆవిడకు ఇంకో కాఫీ తెచ్చాడు. హెల్మీ ఇప్పటికీ వస్తుంది, అందరికంటే గట్టిగా వాదిస్తుంది. మూత మాత్రం పెట్టదు.

అక్టోబరులో ఒక శనివారం ల్యూక్ పొయ్యి రాజేసి, ఆవిరిగది తలుపు దగ్గర నిలబడి, "వేడి సరిపోతుందా ముమ్మో?" అన్నాడట. జూలై తర్వాత అతను ఆవిడతో అన్న మొదటి మాట. సరిపోతుంది అందట ఆవిడ. ఇది నాకు చెప్పేటప్పుడు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

నా బిడ్డ ఇప్పుడు నడుస్తోంది. నడిచేది ఏదైనా పడుతుంది. నా భార్య దాన్ని సరస్సు మంచు మీదికి తీసుకెళ్తానంటే ఒకప్పుడైతే మంచు మందం, గాలి వేగం, ఆ వయసు పిల్లల ఎముకల సంగతి ఏకరువు పెట్టేవాణ్ణి. ఆమె తిరిగి ఇంకో లెక్క చెప్పేది. ఇప్పుడు ముందు నాకు భయంగా ఉందని చెబుతాను. చెప్పి ఊరుకుంటాను. కొన్నిసార్లు ఆమె ఆగుతుంది. కొన్నిసార్లు "నాకూ ఉంది, అయినా పదండి" అంటుంది, ముగ్గురం కలిసి వెళ్తాం.

ల్యూక్ పొయ్యి రాజేసిన సంగతి చెప్పిన రోజునే హెల్మీని అడిగాను, జూన్‌లోనే ఇంటికెళ్ళి చెప్పి ఉంటే ఇంత గొడవ తప్పేదా అని.

"ఏమో, అప్పుడు కూడా కోప్పడేవాడేమో" అంది. "నువ్వు మాత్రం ఇది గుర్తుంచుకో. భయం వేస్తే భయం వేసిందనే చెప్పు, దానికి తెలివి చొక్కా తొడగకు. ఎవరి గురించి భయమో ముందు వాళ్ళకే చెప్పు. చెప్పాక నోరు మూసుకుని, వాళ్ళు ఏమంటారో విను."